తాళంచెవి ఎవరి చేతిలో ఉంది?

శ్రోతలకు నమస్కారం.

పరాయి గడ్డమీద, పరాయి దేశస్థుణ్ణి ఒక ప్రభుత్వం బంధిస్తే, ఆ ప్రభుత్వపు రాజ్యాంగం అతనికి అండగా నిలవాలా? నిలవాలనే నేనంటాను. ఎందుకో ఒక మనిషి కథ చెబుతాను.

ఆయన పేరు లఖ్దర్ బూమెదియన్. పుట్టింది అల్జీరియాలో. బోస్నియా రాజధాని సారయేవోలో, రెడ్ క్రెసెంట్ సంస్థలో అనాథ పిల్లల కోసం పనిచేసేవారు. 2001 అక్టోబరులో అక్కడి అమెరికా రాయబార కార్యాలయం మీద దాడికి కుట్ర పన్నారంటూ ఆయన్నీ, మరో ఐదుగురినీ పట్టుకున్నారు. మూడు నెలల దర్యాప్తులో ఆధారం దొరకలేదు. వదిలెయ్యమంది అక్కడి సుప్రీంకోర్టు. వదల్లేదు. అమెరికా సైనికులకు అప్పగించారు. సంకెళ్ళతో విమానం ఎక్కించి, గ్వాంటనామోలోని అమెరికా సైనిక జైల్లో దించారు.

గ్వాంటనామో నేల క్యూబాది. 1903 నుంచి కౌలు అమెరికాది. కావలి అమెరికాది, తాళంచెవి అమెరికాది. అయినా అమెరికా ప్రభుత్వం ఏమని వాదించింది? నేల మాది కాదు, మనిషి మావాడు కాదు, మా రాజ్యాంగం అక్కడికి రాదు అని. కౌలుచేనులో పంట నాది, కూలివాడి గోడు మాత్రం భూమి ఆసామిది అంటే మన ఊళ్ళో ఒప్పుకుంటామా?

2008 జూన్ 12న, బూమెదియన్ కేసులో, అమెరికా సుప్రీంకోర్టు కూడా ఒప్పుకోలేదు. ఐదుగురు జడ్జీలు అటు, నలుగురు ఇటు. హెబియస్ కార్పస్, అంటే "నన్నెందుకు బంధించారు?" అని జడ్జిని అడిగే హక్కు, గ్వాంటనామోలోనూ ఉందన్నారు.

కేసు మళ్ళీ కింది కోర్టు జడ్జి రిచర్డ్ లియోన్ దగ్గరికే వచ్చింది. 2005లో మీకు ఆ హక్కే లేదని ఇదే పిటిషన్ కొట్టేసిన జడ్జి ఆయన. ఈసారి ఆధారాలు తెరిచి చూశారు. రాయబార కార్యాలయం ఆరోపణను అప్పటికే ప్రభుత్వం వదిలేసుకుంది. ఆరుగురిలో ఐదుగురి విషయంలో మిగిలింది పేరు తెలియని ఒకే ఒక్కరు చెప్పిన మాట. ఒకే ఒక్కరి మాట! ఆ ఐదుగురినీ విడుదల చెయ్యమన్నారు. అప్పీలుకు వెళ్ళొద్దని ప్రభుత్వాన్ని కోరారు కూడా. ఆ ఆధారాలు తూచడానికి జడ్జికి నవంబరు నెల సరిపోయింది. ఆ నవంబరు రావడానికి దాదాపు ఏడేళ్ళు పట్టింది. గ్వాంటనామోలో రెండేళ్ళకు పైగా బూమెదియన్ నిరాహారదీక్షలో ఉన్నారు. ముక్కులో గొట్టం పెట్టి ఆహారం ఎక్కించారు. 2009 మే నెలలో ఫ్రాన్సు చేరారు.

మన రాజ్యాంగం చూడండి. భావప్రకటన వంటి స్వేచ్ఛలిచ్చే 19వ అధికరణం పౌరులు అంటుంది. ప్రాణానికీ స్వేచ్ఛకూ రక్షణ ఇచ్చే 21వ అధికరణం వ్యక్తి అంటుంది. వ్యక్తి అన్న ఆ మాటంటే నాకెంతో ఇష్టం.

యుద్ధభూమిలో ప్రతి సైనికుడి వెనకా ఒక జడ్జి తిరగాలని నేననను. గదిలో పెట్టి తాళం వేశాక మాత్రం, తాళంచెవి ఎవరిదైతే వాళ్ళ కోర్టే ఆ మనిషి మొర వినాలి. అదీ ఏడేళ్ళకు కాదు, వారాల్లో.