అంగారకుడు పక్కకు వచ్చే లెక్క

అందరికీ నమస్కారం.

ప్రతి ఆగస్టులో గుంటూరు నుంచి మా మావయ్య ఫోన్ చేస్తాడు. "ఒరేయ్, ఇరవై ఏడో తారీఖు రాత్రి పన్నెండున్నరకి డాబా ఎక్కు. రెండు చందమామలంట!" వాట్సాప్‌లో వచ్చిందంటాడు.

నిజానికి ఆ మెసేజ్ వాట్సాప్ కన్నా పాతది. 2003 ఆగస్టు 27న అంగారకుడు మనకు 5.58 కోట్ల కిలోమీటర్ల దూరానికి వచ్చాడు. దాదాపు అరవై వేల ఏళ్లలో అంత దగ్గరకు రాలేదు. 75 రెట్లు పెద్దగా చూపే టెలిస్కోపులో చూస్తే, మామూలు కంటికి చంద్రుడు కనిపించేంత ఉంటాడని అప్పట్లో ఎవరో రాశారు. చేతులు మారేసరికి టెలిస్కోపు ఊడిపోయింది, చందమామ మిగిలింది. సంవత్సరం కూడా ఊడిపోయింది. అందుకే ఆ మెసేజ్ ఏటా వస్తుంది. అంగారకుడు మాత్రం ఏటా రాడు.

ఎందుకు రాడో బెజవాడలో పొద్దున్నే గ్రౌండ్‌లో వాకింగ్ చేసేవాళ్లకు ఇట్టే అర్థమవుతుంది. లోపలి గీత మీద ఒక కుర్రాడు, బయటి గీత మీద మోకాళ్ల నొప్పుల పెద్దాయన. ఇద్దరూ పక్కపక్కనే బయల్దేరారు. కుర్రాడు ఒక చుట్టు ముగించి చూస్తే, పెద్దాయన ఎక్కడో అవతలి గోల్‌పోస్టు దగ్గరుంటాడు. కుర్రాడు భూమి, చుట్టుకు 365 రోజులు. పెద్దాయన అంగారకుడు, 687 రోజులు. 730 రోజులకు కుర్రాడు రెండు చుట్లు పూర్తిచేస్తాడు. అప్పటికి పెద్దాయన తన ఒక్క చుట్టూ ముగించి, 43 రోజుల నడక ముందుంటాడు. కుర్రాడు అందుకునేలోపు ఆయనా ఆగడు కదా! అందుకని ఇంకో 50 రోజులు. మొత్తం 780, అంటే సుమారు ఇరవై ఆరు నెలలు.

పుష్కరాల లెక్క దీనికి పెట్టకండి. గురుడు కన్యారాశిలోకి వస్తే కృష్ణా పుష్కరాలు, 2016లో చేసుకున్నాం. అది ఒక్క గ్రహం సూర్యుణ్ణి చుట్టి వచ్చే లెక్క. ఇది ఇద్దరి లెక్క.

పోనీ, వచ్చినప్పుడల్లా అంతే దగ్గరగా వస్తాడా అంటే అదీ లేదు. 2025 జనవరిలో 9.6 కోట్ల కిలోమీటర్ల అవతలే ఆగాడు. ఆయన తిరిగే బాట సాగినట్టుంటుంది. సూర్యుడి నుంచి ఒకచోట 20.7 కోట్ల కిలోమీటర్లు, ఎదురువైపు 24.9 కోట్లు. ఆ దగ్గరి వంపు ఉన్న దిక్కుకు భూమి చేరేది ఆగస్టు చివర్లో. కలయిక ఆ రోజుల్లో పడితే పంట పండినట్టే. కానీ మన ఖర్మ, అప్పుడిక్కడ మబ్బులు! 2018 జూలై 31న 5.76 కోట్ల కిలోమీటర్లకు వచ్చినప్పుడూ వానాకాలమే.

మళ్లీ వచ్చేది 2027 ఫిబ్రవరి 19, 20 తేదీల్లో. దూరం పది కోట్ల కిలోమీటర్ల పైమాటే. అయినా ఈసారి డాబా ఎక్కమని మావయ్యకు నేనే చెప్పాను. 20న మాఘ పౌర్ణమి. చీకటి పడ్డాక తూర్పున మఖ నక్షత్రం దగ్గర నిండు చంద్రుడు, ఆ పక్కనే చంద్రుడి వెడల్పులో నూరో వంతైనా లేని ఎర్రటి చుక్క. రెండో చందమామ ఏదో ఆయనే వెతుక్కుంటాడు.