తుపాను రాకముందే చేతికి పని నేర్పాలి

శ్రోతలకు నమస్కారం.

మన కోస్తాకు తుపాన్ల బెడద ఏడాదిలో రెండుసార్లు: ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఒకసారి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మరోసారి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నం దగ్గర తీరం దాటినప్పుడు కరెంటు పోయింది, ఫోన్లు మూగబోయాయి. అందుకే ప్రాథమిక ఆరోగ్య కేంద్రం సిబ్బందికి శిక్షణ సెప్టెంబరులోనే పూర్తి చేయాలి. అదీ రోజంతా స్లైడ్లు చూపించి కాదు. తుపానులో ఎవరు ఏ పని చేయాలో వారి చేత ఆ పనే చేయించాలి.

బావినీళ్ల సంగతే చూడండి. వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల బ్లీచింగ్ పౌడర్ అని అందరూ చెబుతారు. మరి బావిలో ఎన్ని లీటర్లున్నాయి? అక్కడే చాలామంది ఆగిపోతారు. టేపు పట్టుకుని నిజం బావి దగ్గరికే తీసుకెళ్లండి. గుండ్రటి బావి వెడల్పు 2 మీటర్లు, నీటి లోతు 3 మీటర్లు ఉంటే దాదాపు 9,400 లీటర్లు, అంటే సుమారు 24 గ్రాముల పౌడర్. దాన్ని బకెట్‌లో ముద్దగా కలిపి, నీళ్లు పోసి, పది నిమిషాలు కదపకుండా ఉంచాలి. సున్నం అడుగుకు చేరాక పైతేట మాత్రమే వేరే బకెట్‌లోకి వంచుకుని బావిలో కలపాలి. గంట ఆగి క్లోరిన్ పరీక్ష చేయాలి. వరద సమయంలో లీటరుకు అర మిల్లీగ్రామైనా మిగిలి ఉండాలి. పరీక్ష మందు వేశాక పసుపు రంగును 10 సెకన్లలోపే చూడాలి, ఆలస్యమైతే లెక్క తప్పుతుంది. బురద నీటికి ఈ మోతాదు చాలదు. మూత సరిగా లేక తేమ తగిలిన పౌడర్‌లో బలం ఉండదు, ఎంత వేసినా క్లోరిన్ కనిపించదు. ఈ తేడా సిబ్బంది తమ కళ్లతో చూస్తేనే గుర్తుంటుంది.

వ్యాక్సిన్లు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. కరెంటు పోగానే ఫ్రిజ్ మూత తీసి చూడటం మొదటి పొరపాటు. ఐస్ ప్యాకులను డీప్ ఫ్రీజర్‌లోంచి తీసి నేరుగా క్యారియర్‌లో, అంటే వ్యాక్సిన్లు మోసుకెళ్లే చల్లని పెట్టెలో, పెట్టడం రెండోది. అలా పెడితే పెంటావాలెంట్ (ఐదు జబ్బులకు కలిపి ఇచ్చే టీకా), హెపటైటిస్-బి టీకాలు గడ్డకట్టి పాడవుతాయి. ప్యాకును చెవి దగ్గర ఊపితే లోపల నీళ్లు కదిలిన చప్పుడు వచ్చేదాకా బయట ఉంచాలి.

కాన్పు దగ్గరపడిన గర్భిణుల జాబితా ఆశా కార్యకర్త దగ్గర కాగితం మీదే ఉండాలి, ఫోన్‌లో కాదు. ఊరు, ఇల్లు, తేదీ, ఏ ఆసుపత్రికి, ఏ బండిలో అన్నీ అందులో రాయాలి. గాలులు మొదలయ్యాక 108 బండి రావడం కష్టం, ముందు రోజే తరలించాలి.

చివరగా మాక్ డ్రిల్. సగంలో అందరి ఫోన్లూ ఆపించండి. కబురు ఎక్కడ ఆగిందో, జనరేటర్‌లో డీజిల్ ఉందో లేదో, మందుల గది తాళం ఎవరి దగ్గరుందో అప్పుడే బయటపడతాయి. ఆ సాయంత్రమే కూర్చుని ఒక్కో లోపం పక్కన ఒక పేరు, ఒక తేదీ రాయండి. బదిలీపై కొత్తవారు వస్తే ఆ వారంలోనే వారిచేత బావి లెక్క, ఐస్ ప్యాకు పని మళ్లీ చేయించండి.