మా మావయ్యకి ఎంఎంఏ చూపించాను: అసలు గొప్ప ఛాంపియన్ ఎవరు?

[దృశ్యం: విజయనగరం, గంటస్తంభం దగ్గర సాయంత్రం రద్దీ. అక్కణ్ణుంచి ఒక డాబా మీదికి. నవారు మంచం, దాని మీద ఫోన్ పట్టుకున్న పెద్దాయన చేతులు.]

ఈ చేతులు మా మావయ్యవి. ముఖం చూపించొద్దన్నాడు, అందుకని చేతులతో సరిపెట్టుకుందాం. కుర్రతనంలో ఈ ఊళ్లోనే తాలింఖానాకి వెళ్లి కుస్తీ నేర్చుకున్నాడు. చెవులు చూపించనిస్తే మీకు ఆ సంగతి నేను చెప్పక్కర్లేదు. రెండూ మడతలు పోయి ముద్దకట్టి ఉంటాయి. గోదాలో అవతలివాడి తల రాసుకుని రాసుకుని, చెవి లోపల నెత్తురు గడ్డకట్టి అలా అయిపోతాయి. రష్యా ఫైటర్ ఖబీబ్ నుర్మగొమెదోవ్ చెవులు కూడా అచ్చం అలాగే ఉంటాయి. ఈసారి ఫొటో కనపడితే చూడండి.

మొన్న ఆదివారం మావయ్యకి ఒక ఎంఎంఏ ఫైట్ చూపించాను. ఎంఎంఏ అంటే గుద్దులు, తన్నులు, కుస్తీ పట్లు అన్నీ కలిసిన ఆట. మొదటి రౌండ్ అవకుండానే ఫోన్ తిరిగి నా చేతిలో పెట్టేశాడు.

"వీపు నేలకి తగిలిపోయింది కదరా! కుస్తీ అయిపోయినట్టే. ఇంకా కొడతాడేటి? రిఫరీ ఏటి చేస్తన్నాడు?"

ఆ ప్రశ్నకి అప్పుడు సరైన జవాబు చెప్పలేకపోయాను. అందుకే ఈ వీడియో.

[దృశ్యం: శ్రీకాకుళంలో కోడి రామ్మూర్తి స్టేడియం, బయటి నుంచి.]

మన వైపు బలం అనగానే పెద్దవాళ్ల నోట వచ్చే పేరు కోడి రామ్మూర్తి నాయుడు. వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో పెరిగిన మనిషి. ఛాతీకి ఇనుప గొలుసు చుట్టించుకుని, ఊపిరి బిగబట్టి తెంచేవాడు. ఛాతీ మీద ఏనుగుని ఎక్కించుకునేవాడు. ఆ కథలు వింటూ పెరిగాం కాబట్టి ఛాంపియన్ అంటే మనకి ముందు కండలే కళ్ల ముందు మెదులుతాయి. ఎంఎంఏలో ఆ లెక్క మొదటి రోజే తప్పింది.

1993 నవంబర్ 12. అమెరికాలోని డెన్వర్. ఎంఎంఏ పోటీలు నడిపే యూఎఫ్‌సీ అనే సంస్థ పెట్టిన మొట్టమొదటి పోటీలు. ఒకే రాత్రి టోర్నమెంట్, బరువు తరగతులు లేవు. సుమో వస్తాదు ఉన్నాడు, కిక్‌బాక్సర్ ఉన్నాడు. ఒక బాక్సరైతే ఒక చేతికే గ్లౌజు తొడుక్కుని వచ్చాడు. (నిజంగానే. రెండో చెయ్యి ఖాళీ.) వీళ్లందరి మధ్యా సుమారు 80 కిలోలున్న సన్నటి బ్రెజిల్ కుర్రాడు, రాయిస్ గ్రేసీ. ఆ రాత్రి మూడు ఫైట్లు గెలిచి ఇంటికెళ్లాడు. గుద్దులతో కాదు. మనిషిని పట్టుకుని కిందికి లాగి, వాటిలో రెండు మెడ దొరకబుచ్చుకుని.

ఆ విద్య వాళ్ల ఇంటి విద్య. మిత్సుయో మయెదా అనే జూడో వస్తాదు జపాన్ నుంచి బ్రెజిల్ వెళ్లి స్థిరపడ్డాడు. ఆయన దగ్గర కార్లోస్ గ్రేసీ నేర్చుకున్నాడు, తర్వాత ఆ కుటుంబమంతా దాన్ని సానబట్టింది. అందులో ముఖ్యమైన పట్టుకి గార్డ్ అని పేరు. నువ్వు వెల్లకిలా పడి ఉంటావు, అవతలివాడు నీ మీద ఉంటాడు. కానీ వాడి నడుము నీ రెండు కాళ్ల మధ్య ఇరుక్కుని ఉంటుంది. మీద ఉన్నానని వాడి ధీమా, పట్టుకున్నానని నీ ధీమా.

మావయ్య ప్రశ్నకి సగం జవాబు ఇక్కడ దొరుకుతుంది. మన కుస్తీలో మట్టి కరిస్తే ఆట ముగిసింది. ఇక్కడ మట్టి కరిచాక కూడా ఆట ఉంది.

[దృశ్యం: పలక మీద సుద్దతో అంకెలు: 3 × 5, 5 × 5, 10–9.]

రూల్స్ త్వరగా చెప్పేస్తాను. రౌండుకి 5 నిమిషాలు. మామూలు ఫైట్‌కి 3 రౌండ్లు, టైటిల్ ఫైట్‌కి 5. ముగ్గురు జడ్జీలు. రౌండ్ గెలిచినవాడికి 10, ఓడినవాడికి ఎక్కువసార్లు 9. నాకౌట్ అయినా, చోక్ (మెడ నొక్కే పట్టు) పడి ట్యాప్ చేసినా, అంటే ఓడిపోయానని చేత్తో తట్టినా, అక్కడికక్కడే అయిపోతుంది. ఇప్పుడు బరువు తరగతులు కూడా ఉన్నాయి. వాటి గురించి మన జిల్లాల వాళ్లకి నేను చెప్పేదేముంది? వెయిట్‌లిఫ్టర్లకి పేరుపడ్డ కొండవెలగాడలో ఏ ఇంట్లో అడిగినా చెప్తారు. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో మన కరణం మల్లీశ్వరి 69 కిలోల తరగతిలో 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. బంగారానికీ ఆమెకీ తేడా రెండున్నర కిలోలు.

ఇప్పుడు అసలు ఫైట్.

[దృశ్యం: మావయ్య చేతుల్లో మళ్లీ ఫోన్. తెర కనపడదు. వేళ్లు మాత్రమే.]

2010 ఆగస్టు 7, ఓక్లాండ్. మిడిల్‌వెయిట్ అనే బరువు తరగతిలో ఛాంపియన్ ఆండర్సన్ సిల్వా. 2006 నుంచి బెల్ట్ అతని దగ్గరే ఉంది. అవతల చేల్ సొనెన్, పక్కా కుస్తీ మనిషి, నోటికి హద్దు లేనివాడు. ఫైట్‌కి ముందు నెలల తరబడి సిల్వాని తిట్టాడు. తిట్టినవాడు ఓడిపోతాడనే కదా మనం అనుకుంటాం. కానీ మొదటి రౌండ్లోనే సొనెన్ గుద్దుకి సిల్వా తడబడ్డాడు. తర్వాత కింద పడ్డాడు. ఇంక లేవనిస్తే కదా! రెండో రౌండ్ అదే. మూడోది అదే. నాలుగోది అదే. సొనెన్ మీద కూర్చుని 300కి పైగా దెబ్బలు వేశాడు. అన్నీ గట్టివి కావు, కానీ లెక్కకి లెక్కే.

ఐదో రౌండ్‌కి వచ్చేసరికి సిల్వా నాలుగు రౌండ్లూ వెనకబడి ఉన్నాడు. పాయింట్లతో గెలిచే దారి మూసుకుపోయింది. ఆ రౌండ్లో కూడా మళ్లీ వెల్లకిలా పడ్డాడు. రెండు నిమిషాలు మిగిలాయి. సొనెన్‌కి కావలసిందల్లా ఆ రెండు నిమిషాలు అలా గడిపేయడం.

ఇక్కడ వీడియో ఆపి చూడండి. సిల్వా సొనెన్ మణికట్టు పట్టుకున్నాడు. అంతే. గుద్దలేదు, లేవబోలేదు. ఆ చెయ్యిని తన ఛాతీకి అదిమి ఉంచాడు. మరుక్షణం కాలు లేచి సొనెన్ మెడ మీదికి వెళ్లింది. రెండో కాలు వచ్చి దాన్ని బిగించింది. సొనెన్ తల, ఒక చెయ్యి కాళ్ల త్రికోణంలో చిక్కుకున్నాయి. దీన్నే ట్రయాంగిల్ చోక్ అంటారు. ఒకపక్క నీ భుజమే నీ మెడని నొక్కుతుంది, రెండోపక్క వాడి తొడ నొక్కుతుంది. మెదడుకి నెత్తురు తీసుకెళ్లే దారులు రెండూ మూసుకుపోతాయి. గట్టిగా పడితే పది సెకన్లు కూడా అక్కర్లేదు, తెలివి తప్పుతుంది. దానికి తోడు దొరికిన చెయ్యిని కూడా మెలిపెట్టాడు. 3 నిమిషాల 10 సెకన్ల దగ్గర సొనెన్ ట్యాప్ చేశాడు.

ట్యాప్ చెయ్యడం చేతకానితనం అనుకునేవాళ్లలో నేనూ ఉండేవాణ్ణి. కొన్నేళ్ల కిందట జిమ్‌లో ఒకతను నా మోచెయ్యి పట్టేసినప్పుడు పంతానికి పోయి ట్యాప్ చెయ్యలేదు. తర్వాత రెండు నెలలు ఎడంచేత్తో అన్నం తిన్నాను. తప్పు పూర్తిగా నాదే.

సరే, సిల్వా దగ్గరికి. నాకౌట్లు చాలామంది చేస్తారు. అతని గొప్ప నాకు నాకౌట్లలో కనపడదు. 23 నిమిషాలు తన్నులు తింటూ కూడా, కిందపడ్డ ప్రతిసారీ ఆ మణికట్టు కోసం చూస్తూనే ఉన్నాడు చూడండి, అక్కడ కనపడుతుంది. దెబ్బలు తినేవాడికి టెన్షన్‌లో ముందు పోయేది ఆలోచనే. అతనికి అది పోలేదు.

అలాగని దేవుణ్ణి చెయ్యక్కర్లేదు. 2013 జులైలో క్రిస్ వైడ్‌మన్ ముందు చేతులు కిందికి దించి, వెక్కిరిస్తూ ఆడాడు. ఎడంచేతి గుద్దుకి పడిపోయాడు, బెల్ట్ పోయింది. 2015లో డోపింగ్ పరీక్షలో దొరికాడు. ఆ ఓక్లాండ్ ఫైట్ తర్వాత సొనెన్ కూడా పరీక్షలో దొరికి సస్పెండ్ అయ్యాడు. ఈ ఆటలో పేర్లు చెప్పుకునేటప్పుడు ఈ మరకలు కూడా చెప్పుకోవాలి. జాన్ జోన్స్ 23 ఏళ్లకే ఛాంపియన్ అయ్యాడు, యూఎఫ్‌సీలో అంత చిన్న వయసులో ఎవరూ అవ్వలేదు. కానీ అతని డోపింగ్ కేసులు తల్చుకుంటే నా చెయ్యి ఆ పేరు పైన రాయడానికి రాదు. మీకు వస్తే కామెంట్‌లో కొట్లాడుకుందాం.

[దృశ్యం: ఇంటి వెనక గోడ వారగా పేర్చిన ఇటుకలు. ఒక ఇటుక మీద నిదానంగా దగ్గరికి.]

నా లెక్కలో పైన ఉండేది జార్జ్ సెయింట్ పియర్. కెనడా మనిషి, కుర్రతనంలో చెత్త ఎత్తే పని కూడా చేశాడు. 2007 ఏప్రిల్‌లో వెల్టర్‌వెయిట్ బెల్ట్ పెట్టుకుని మ్యాట్ సెర్రా మీదికి దిగాడు. సెర్రా గెలుస్తాడని అనుకున్నవాళ్లు చాలా తక్కువ. మొదటి రౌండ్లోనే సెయింట్ పియర్‌ని చితక్కొట్టేశాడు.

ఆ ఓటమి బుర్రలోంచి పోలేదు. మానసిక నిపుణుడి సలహా మీద ఒక ఇటుక మీద సెర్రా పేరు రాసి, నదిలోకి విసిరేశాడట. వినడానికి మన దిష్టి తీసినట్టే ఉంది కదూ! కానీ ఆ ఒక్కదానితో ఊరుకోలేదు. బడిలో కుస్తీ నేర్చుకోని మనిషి, మాంట్రియల్‌లో కుస్తీవాళ్లతో కలిసి సాధన చేశాడు. 2007 ఆగస్టులో జాష్ కాస్చెక్ లాంటి కాలేజీ కుస్తీ ఛాంపియన్‌నే టేక్‌డౌన్లతో, అంటే పట్టి కింద పడేసి, ఓడించాడు. 2008 ఏప్రిల్‌లో సొంత గడ్డ మాంట్రియల్‌లో సెర్రా దగ్గర బెల్ట్ వెనక్కి తీసుకున్నాడు. ఆ తర్వాత వరసగా 9 సార్లు నిలబెట్టుకున్నాడు. సెర్రా తర్వాత ఇంకెవరి చేతిలోనూ ఓడలేదు.

అతని ఫైట్లు బోరు అనేవాళ్లున్నారు. నిజమే, కొన్ని బోరే. కానీ బెల్ట్ వచ్చిన మర్నాటి నుంచీ ప్రతి జిమ్‌లోనూ నీ వీడియోలు పెట్టుకుని, నీ ఎడమ కాలు ఎప్పుడు కదులుతుందో రాసుకుంటూ ఉంటారు. అలా నీ గురించి రాసుకున్న కాగితం చెల్లకుండా చెయ్యాలంటే, వచ్చే ఫైట్‌కి నువ్వు వేరే మనిషివై ఉండాలి. సెయింట్ పియర్ ఆ పని ఏళ్ల తరబడి చేశాడు. సుమారు 57 కిలోల తరగతిలో డెమెట్రియస్ జాన్సన్ 11 సార్లు బెల్ట్ నిలబెట్టుకున్నాడు, చిన్నవాడని జనం పెద్దగా చూడలేదు.

మరి ఒక్కసారీ ఓడని ఖబీబ్? 29 ఫైట్లు, 29 గెలుపులు. 2020లో తండ్రి పోయాడు, అదే ఏడాది అక్టోబర్లో ఒక టైటిల్ ఫైట్ గెలిచి, కళ్లనీళ్లతో ఆట మానేశాడు. కింద పెట్టి తొక్కడంలో అతనంతటివాడు లేడు. కాకపోతే, ఓడి మళ్లీ లేచిన ఖబీబ్ ఎలా ఉండేవాడో చూసే అవకాశం మనకి రాలేదు. సెయింట్ పియర్‌ని ఒక మెట్టు పైన పెట్టడానికి నా దగ్గరున్న కారణం అదొక్కటే.

[దృశ్యం: డాబా. చీకటి పడుతోంది. ఫోన్ వెలుగు చేతుల మీద.]

ఇదంతా మావయ్యకి చెప్పి, సిల్వా ఫైట్ ఐదో రౌండ్ మళ్లీ పెట్టాను. ఈసారి ఫోన్ వెనక్కివ్వలేదు. చోక్ పడింది, సొనెన్ ట్యాప్ చేశాడు, జనం అరుపులు. మావయ్య ఏమీ అనలేదు. కాసేపటికి బొటనవేలుతో తెరని వెనక్కి జరిపాడు.

"కాలు కాదురా, ఆగు. ముందు ఆ చెయ్యి ఎక్కడ దొరికిందో అది చూడనీ."

మూడుసార్లు వెనక్కి తిప్పించాడు. నాలుగోసారి ఫోన్ మంచం మీద పెట్టి, నా మణికట్టు పట్టుకున్నాడు.

[దృశ్యం: రెండు చేతులు. నలుపు.]