నైట్రోజన్ మీది ఆ రెండు ఎలక్ట్రాన్లు

అందరికీ నమస్కారం. అమ్మోనియాలోని ఒక హైడ్రోజన్ స్థానంలో ఆల్కైల్ సమూహమో బెంజీన్ వలయమో చేరితే ప్రైమరీ అమీన్, రెండు పోతే సెకండరీ, మూడూ పోతే టెర్షియరీ. ఇది మీ పుస్తకంలో ఉన్నదే. నైట్రోజన్ మీద మిగిలిన ఒంటరి ఎలక్ట్రాన్ జంటను మాత్రం గట్టిగా పట్టుకోండి. అమీన్ల చర్యలు దాదాపు అన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి.

మైపాడు రేవులో దిగిన చేపనే తీసుకోండి. సముద్రపు చేప కండలో ట్రైమిథైల్ అమీన్ ఆక్సైడ్ ఉంటుంది, దానికి వాసన లేదు. చేప చచ్చాక బాక్టీరియా దాన్ని ట్రైమిథైల్ అమీన్‌గా మారుస్తుంది. దీని మరుగు స్థానం సుమారు 3 డిగ్రీలు. మన నెల్లూరు ఎండకు ఇట్టే ఆవిరై నీచు కొడుతుంది. గూడూరు నిమ్మకాయ పిండినా, చింతపండు పులుసు పోసినా ఆ జంట ఆమ్లం నుంచి ప్రోటాన్‌ను లాక్కుంటుంది. అప్పుడు తయారయ్యే లవణం ఆవిరి కాదు కాబట్టి ముక్కుకు అందదు. అలాగని పాడైన చేప పులుపుతో బాగుపడదు. పోయేది వాసనే.

బెంజీన్ వలయానికి నైట్రోజన్ అతుక్కున్న ప్రైమరీ అమీన్ అనిలీన్. అందులో ఆ జంట వలయంలోకి విస్తరిస్తుంది, ప్రోటాన్‌కు తేలిగ్గా దొరకదు. సంయుగ్మ ఆమ్లాల, అంటే అమీన్ ప్రోటాన్‌ను తీసుకున్నాక ఏర్పడే రూపాల, పీకేఏ విలువలు చూడండి (ఇది ఎంత ఎక్కువైతే అమీన్ అంత బలమైన క్షారం): ట్రైమిథైల్ అమీన్‌కు 9.8, అనిలీన్‌కు 4.6. క్షార బలంలో తేడా లక్ష రెట్లకు పైనే.

ల్యాబ్‌లో ఎక్కువగా చెడేది డయజోటీకరణం, అంటే అనిలీన్‌ను ఆమ్లం, సోడియం నైట్రైట్‌లతో డయజోనియం లవణంగా మార్చడం. 8 మి.లీ. నీళ్లలో 3 మి.లీ. గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోసి, 1 మి.లీ. అనిలీన్ కరిగించి, ఐసులో 5 డిగ్రీల లోపుకు దించండి. అనిలీన్ చర్మం గుండా ఒంట్లోకి పోతుంది, గ్లవ్స్ తప్పనిసరి. 0.8 గ్రా. సోడియం నైట్రైట్‌ను 4 మి.లీ. చల్లటి నీళ్లలో కరిగించి, కలుపుతూ చుక్కచుక్కగా వేయండి. ద్రావణపు చుక్క తగిలి స్టార్చ్ అయొడైడ్ కాగితం వెంటనే నీలంగా మారితే నైట్రైట్ సరిపోయినట్టే, ఆపేయండి. వేసవిలో ఐసు చూస్తుండగానే కరిగిపోతుంది, అందులో ఉప్పు కలపండి. వేడెక్కితే నైట్రోజన్ బుడగలు లేచి ఫినాల్ మిగులుతుంది. ఆమ్లం తగ్గితే మిగిలిన అనిలీన్ డయజోనియంతో కలిసి పసుపు అవక్షేపం ఇస్తుంది. ఆమ్లం అంత ఎక్కువ పోసేది అందుకే.

సోడియం హైడ్రాక్సైడ్‌లో కరిగించి చల్లబరచిన బీటా నాఫ్తాల్‌లో ఈ డయజోనియం ద్రావణాన్ని పోస్తే నారింజ ఎరుపు రంగు పదార్థం అవక్షేపంగా దిగుతుంది. డయజోనియం లవణాన్ని మాత్రం వడకట్టి ఆరబెట్టకండి, ఎండితే పేలుతుంది. ద్రావణంగానే, చేసిన వెంటనే వాడేయాలి.