రాని దుకాణానికి కట్టిన డబ్బు

శ్రోతలందరికీ నమస్కారం.

మద్యం మీద సర్కారుకు వచ్చే ఆదాయం అనగానే మనకు సీసా గుర్తొస్తుంది. సీసా మీద పన్ను, తాగేవాడి జేబు. కానీ మద్యం దుకాణాల విధానం మారిన ఏడు ఇంకో ముచ్చట జరుగుతుంది. ఒక్క సీసా కదలకముందే, ఒక్క షట్టరు లేవకముందే ఖజానాలో వేల కోట్లు వచ్చి పడతాయి. దుకాణాలు ఎవరికో లాటరీలో తేలుస్తారు, ఆ డ్రాలో ఉండాలంటే దరఖాస్తు రుసుము కట్టాలి. ఆ డబ్బులో చాలా భాగం దుకాణం రానివాళ్ళది. రానివాళ్ళది అని మళ్ళీ చెబుతున్నాను. ఇవాళ నేను మాట్లాడేది ఆ డబ్బు గురించే.

2025లో మా వీధిలో పదిమంది మద్యం దుకాణానికి దరఖాస్తు వేద్దామని కలిశారు. ఒక ఆటో డ్రైవరు, ఒక మెకానిక్కు, చిన్న కిరాణా కొట్టు ఆయన, ఇంకా అలాంటివాళ్ళే. తలా 60 వేలు వేసుకున్నారు. మొత్తం 6 లక్షలు. తెలంగాణలో ఆ ఏడాది ఒక్క దరఖాస్తుకు రుసుము 3 లక్షలు. అంటే రెండు దరఖాస్తులు. ఆ మెకానిక్కు నా దగ్గరికి వచ్చి, "అన్నా, తగిలితే మా బతుకులే మారిపోతయ్" అన్నాడు. "తగిలితే దుకాణం నడుపుతరా?" అని అడిగాను. "మాతోని ఏడైతదన్నా, పెద్దోళ్ళకు ఇచ్చేస్తం, గుడ్‌విల్ తీసుకుంటం" అన్నాడు. గుడ్‌విల్ అంటే దుకాణాన్ని వదులుకున్నందుకు తీసుకునే డబ్బు. నిజమే, వాళ్ళు ఎక్కడ నడపగలరు? ఏడాదికి లైసెన్సు రుసుమే ఊరి జనాభాను బట్టి 50 లక్షల నుంచి కోటీ 10 లక్షల దాకా ఉంది. వాళ్ళు కొన్నది దుకాణాన్ని కాదు, డబ్బాలో ఒక టోకెన్‌ని.

డ్రా రోజున హాలు బయట నిలబడ్డారు. లోపల ఒక్కో దుకాణానికి టోకెన్లు డబ్బాలో వేసి, కలిపి, ఒకటి తీసి నంబరు చదువుతారు. నిమిషంలో అయిపోతుంది. వీళ్ళ నంబరు రాలేదు. ఆ 6 లక్షలు తిరిగి రావు. దుకాణం వచ్చినా రాకపోయినా దరఖాస్తు రుసుము వాపసు ఉండదని నిబంధనలోనే ఉంది. మోసం ఏమీ జరగలేదు. అంతా చెప్పే చేశారు. అయినా ఆ సాయంత్రం మా వీధిలో ఎవరూ ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు.

ఇప్పుడు ఖజానా వైపు నుంచి లెక్క చూద్దాం. తెలంగాణలో దుకాణాలు 2,620. 2023లో దరఖాస్తు రుసుము 2 లక్షలు, దరఖాస్తులు దాదాపు 1 లక్షా 32 వేలు, వచ్చింది 2,600 కోట్లకు పైగా. 2025లో రుసుము 3 లక్షలు చేశారు. దరఖాస్తులు 95,137కి పడిపోయాయి. ముప్ఫై ఆరు వేలకు పైగా తగ్గాయి. ఆదాయం కూడా తగ్గిందనుకుంటాం కదా? తగ్గలేదు. 2,854 కోట్లు వచ్చింది. మనుషులు తగ్గారు, డబ్బు పెరిగింది. ఈ ఒక్క లెక్క చాలు నాకు, రుసుము పెంచాలన్న ఆశ ఎక్కడి నుంచి పుడుతుందో తెలియడానికి.

ఇంకో సంగతి. 2023లో కొత్త లైసెన్సులు మొదలయ్యేది డిసెంబరు 1న. డ్రా తీసింది ఆగస్టులో. దుకాణం తెరవడానికి మూడు నెలల ముందే డబ్బు చేతికొచ్చింది. నవంబరు 30న శాసనసభ ఎన్నికలు.

ఆంధ్రప్రదేశ్ సంగతి ఇంకా స్పష్టంగా ఉంటుంది. సారా వద్దని నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు చేసిన పోరాటం, 1995లో మద్యనిషేధం, 1997లో దాని సడలింపు, అవన్నీ మీకు తెలిసినవే. 2019 అక్టోబరు నుంచి దుకాణాలు ప్రభుత్వమే నడిపింది. అప్పుడు టోకెన్ లేదు, డ్రా లేదు, అందుకని దరఖాస్తు డబ్బూ లేదు. ఆదాయమంతా సీసా ధర మీదే. 2020 మేలో ధరలు ఏకంగా 75 శాతం పెంచితే, సరిహద్దు అవతలి నుంచి క్వార్టరు సీసాలు బస్తాల్లో, బైకుల మీద రావడం మొదలైంది. 2024 అక్టోబరులో దుకాణాలు మళ్ళీ ప్రైవేటు చేతికి వెళ్ళాయి. 3,396 దుకాణాలు, 89,882 దరఖాస్తులు, తలా 2 లక్షలు. దాదాపు 1,798 కోట్లు. విధానం మారింది కాబట్టే ఆ డబ్బు వచ్చింది.

నాకు బాధగా ఉండేది ఇక్కడే. పెరట్లో చింతచెట్టు కొట్టి అమ్మితే ఆ ఏడు ఇంట్లో డబ్బు ఆడుతుంది. మరుసటి ఏడు చింతపండూ ఉండదు, ఆ డబ్బూ ఉండదు. దరఖాస్తు రుసుము రెండేళ్ళకోసారి వస్తుంది. మధ్య ఏడాదిలో రాదు. కానీ జీతాలు, పింఛన్లు ఏటా ఇవ్వాలి, నెలనెలా ఇవ్వాలి. అందుకే బడ్జెట్‌లో ఈ రుసుమును ఎక్సైజు ఆదాయంలో కలిపేయకుండా విడిగా ఒక వరుసలో చూపించాలని నా కోరిక. మద్యం జీఎస్టీలో లేదు కాబట్టి దాని మీద వ్యాట్ వాణిజ్య పన్నుల పద్దులో పడుతుంది, ఎక్సైజు సుంకం ఇంకో పద్దులో పడుతుంది. దానికి తోడు ఈ రుసుము. మామూలు మనిషి పేపర్లో "మద్యం ఆదాయం పెరిగింది" అని చదివితే, అమ్మకం పెరిగిందో, ధర పెరిగిందో, డ్రా జరిగిందో ఎలా తెలుస్తుంది?

ఆ కోరిక ఎప్పటికి తీరుతుందో గానీ, మీ చేతిలో ఉన్న విషయం ఒకటి చెబుతాను. ఆంధ్రప్రదేశ్‌లో 2024 లైసెన్సుల గడువు 2026 సెప్టెంబరు 30. తెలంగాణవి 2027 నవంబరు 30 దాకా. డ్రాలు మళ్ళీ వస్తే మీ ఇంటికీ ఎవరో వాటా అడగడానికి వస్తారు. అప్పుడు ఒక్క లెక్క వెయ్యండి. 2025లో తెలంగాణలో సగటున ఒక్కో దుకాణానికి 36 దరఖాస్తులు. మా వీధివాళ్ళవి రెండు. 36 టోకెన్లలో రెండు. అది కూడా సగటు దుకాణం సంగతి. మంచి గిరాకీ ఉన్న చోట పోటీ ఇంకా ఎక్కువ.

తర్వాత ఆ 60 వేలు ఎక్కడి నుంచి వస్తున్నాయో అడగండి. కిరాణా కొట్టు ఆయన కొట్టు లాభంలోంచి తీశాడు, కొన్నాళ్ళు దిగులుపడి సర్దుకున్నాడు. మెకానిక్కు భార్య గాజులు బ్యాంకులో పెట్టి తెచ్చాడు. ఆ గాజులు ఇంకా అక్కడే ఉన్నాయి, వడ్డీ నడుస్తూనే ఉంది. నగలు పెట్టి తెచ్చే డబ్బయితే వాటా వద్దని చెప్పండి. మీ తమ్ముడైనా సరే, గట్టిగానే చెప్పండి.

సెలవు.