దోషి దేశం మార్చిన టైటిల్ కార్డు

సభాధ్యక్షులకు, చలనచిత్రాభిమానులైన మిత్రులకు నమస్కారం.

మూకీ చిత్రాలలో పాత్రలకు మాట లేదు కనుక, తెరమీది మనిషి ఎవరో, ఏ దేశస్థుడో చెప్పవలసిన పని దృశ్యాల నడుమ తెరపై అక్షరాలతో వచ్చే టైటిల్ కార్డుపై పడింది. నేరకథల్లో ఆ కార్డు చెలాయించిన అధికారం ఎంతటిదో తెలియాలంటే, 1915 డిసెంబరులో విడుదలైన, హాలీవుడ్ దర్శకుడు సెసిల్ బి. డెమిల్ చిత్రం ‘ది చీట్’ను కొంచెం నిదానంగా చూడాలి.

ఎడిత్ అనే సంపన్న గృహిణి తన చేతిలో ఉన్న రెడ్‌క్రాస్ నిధి 10,000 డాలర్లను షేర్లలో పెట్టి పోగొట్టుకుంటుంది. గుట్టు బయటపడకుండా ఆ లోటు పూడ్చుకోవడానికి టోరీ అనే జపాన్ ధనికుడి దగ్గర సొమ్ము తీసుకొని, బదులుగా అతనికి లొంగిపోవడానికి ఒప్పుకుంటుంది. తరువాత ఆమె డబ్బు తిరిగి ఇవ్వబోతే అతను తీసుకోడు. తన వస్తువులపై వేసుకునే ముద్రను కాల్చి ఆమె భుజంపై వాత పెడతాడు. ఆమె అతనిపై తుపాకీ పేలుస్తుంది, ఆ నేరాన్ని భర్త తన నెత్తిన వేసుకుంటాడు. న్యాయస్థానంలో ఆమె భుజం చూపగానే జనం టోరీ మీదికి విరుచుకుపడతారు. టోరీ చేసినది ఘోరమే, అందులో సందేహం లేదు. అయితే ఆ వాత కనబడిన క్షణం నుంచి నిధి సంగతి గానీ, తుపాకీ సంగతి గానీ ఎవరికీ పట్టదు. అక్కడ తీర్పు చెప్పినది చట్టం కాదు, గుంపు.

టోరీగా నటించిన సెస్యూ హయకావా కనుబొమ్మ కదలికతోనే భయపెట్టగల నటుడు, ఈ చిత్రంతోనే పెద్ద తార అయ్యాడు. లాస్ ఏంజెలెస్‌లోని జపనీయులు మాత్రం, వారి పత్రిక ‘రాఫు షింపో’తో సహా, తీవ్రంగా నిరసించారు. 1918లో చిత్రాన్ని మళ్ళీ విడుదల చేసేనాటికి మొదటి ప్రపంచ యుద్ధంలో జపాన్ అమెరికాకు మిత్రదేశం. అందుచేత కార్డులు మార్చి టోరీని హాకా అరకావ్ అనే బర్మా వాడిని చేశారు. ముఖం అదే, ఇల్లు అదే, జపాన్ ఆలయ ద్వారం ఆకారంలోని ముద్ర కూడా అదే! బర్మా అప్పుడు బ్రిటిష్ ఇండియాలో భాగం, మన కోస్తా జనం కూలికి ‘రంగం’ (రంగూన్) వెళ్ళిన దేశం. దాని తరఫున అమెరికాతో మాట్లాడే సొంత ప్రభుత్వం లేదు.

కార్డు చేయలేని పనిని మేకప్ చేసింది. 1920 నాటి ‘అవుట్‌సైడ్ ది లా’లో లాన్ చానీ ఒక్కడే తెల్లజాతి ముఠా నాయకుడుగానూ, చైనా సేవకుడుగానూ కనిపిస్తాడు.

ఆస్కార్ మిషో దారి వేరు. నవలలు రాసి, తానే చిత్రాలు తీసిన ఈ నల్లజాతి దర్శకుడు 1925లో ‘బాడీ అండ్ సోల్’ తీశాడు. జైలు నుంచి తప్పించుకొని మతబోధకుడి వేషం వేసిన ఖైదీగా నల్లజాతి నటుడు పాల్ రోబ్సన్‌కు అది తొలి చిత్రం. తనవారిని దొంగగా చూపడానికి మిషో వెనుకాడలేదు, కానీ ఆ దొంగకు నెమ్మదస్తుడైన కవల సోదరుణ్ణి ఇచ్చి, ఆ పాత్రనూ రోబ్సన్ చేతనే వేయించాడు. న్యూయార్క్ సెన్సారు అడ్డుకోవడంతో ఆయన చిత్రాన్ని కత్తిరించి మార్చవలసి వచ్చింది. మనకు మిగిలిన ప్రతిలో ఆ ఘోరాలన్నీ ఒక తల్లి కన్న పీడకల. ఆమె మేలుకొని కూతురిని ఆ సోదరుడికే ఇచ్చి పెళ్ళి చేస్తుంది. కలలో చూసిన దొంగ ముఖమే అల్లుడిగా ఆమె గుమ్మంలో నిలబడుతుంది.