సైరన్ మోగకపోయినా

మిత్రులారా, ఇటలీ నియంత ముస్సోలినీ పతనం అనగానే చాలామంది 1943 జులై 25 గురించే మాట్లాడతారు. రాజు అతణ్ణి పదవి నుంచి తీసేసిన రోజు అది. నేను మాత్రం అదే ఏడాది మార్చి గురించి చెప్పాలని వచ్చాను.

ఉత్తర ఇటలీలోని టురిన్ నగరం. బాంబుదాడులకు భయపడి వేలమంది ఊరు వదిలిపోయారు. మామూలు మనిషికి రేషన్ మీద రోజుకు 150 గ్రాముల రొట్టె. సమ్మె చేయడం 1926 నుంచే నేరం. ఫియట్ వారి మిరాఫియోరి ఫ్యాక్టరీలో రోజూ పొద్దున పదింటికి విమానదాడి సైరన్‌ను పరీక్షించేవారు. మార్చి 5న అది మోగగానే పని ఆపేయాలని కార్మికులు గుట్టుగా అనుకున్నారు. సంగతి యాజమాన్యానికి పొక్కింది. ఆ రోజు సైరన్ మోగించలేదు.

ఆ టెన్షన్ ఎలా ఉండి ఉంటుందో ఆలోచించండి. పది దాటింది. సంకేతం లేదు. పక్కవాడు ఆపుతాడో లేదో తెలీదు, వాడే పోలీసులకు చెప్పేవాడు కావచ్చు. అయినా కొందరు మెషీన్లు ఆపారు. బాంబుదాడుల వల్ల ఊరు వదిలినవాళ్ళకిచ్చే 192 గంటల వేతనం అందరికీ ఇవ్వాలని అడిగారు. తిండి కోసం మొదలైన ఆ సమ్మె ఫ్యాక్టరీ నుంచి ఫ్యాక్టరీకి పాకి, నెలాఖరుకు మిలాన్ చేరింది. అరెస్టులు చేశారు, చివరికి జీతాలూ పెంచక తప్పలేదు. ఇరవై ఏళ్ళుగా జనాన్ని వణికించిన ప్రభుత్వం మొదటిసారి తానే వణికిందని నేనంటాను.

సెప్టెంబరు 8న ఇటలీ మిత్రరాజ్యాలకు లొంగిపోయిందన్న ప్రకటన వెలువడింది. అప్పటిదాకా ఇటలీ పక్షాన ఉన్న జర్మన్ సైన్యమే దేశాన్ని ఆక్రమించింది. పై నుంచి ఆదేశాల్లేక, యూనిఫారాలతో పట్టుబడతామని పారిపోతున్న ఇటలీ సైనికులకు ఆడవాళ్ళు తలుపులు తీశారు. భర్త చొక్కానో కొడుకు ప్యాంటో ఇచ్చి పంపారు. చరిత్ర పుస్తకాల్లో ఈ స్త్రీల పేర్లు ఉండవు. అది నాకు చాలా బాధగా ఉంటుంది. అవెజ్జానోలోని యుద్ధఖైదీల క్యాంపు నుంచి తప్పించుకున్న, బ్రిటిష్ సైన్యం తరఫున పోరాడి పట్టుబడ్డ మన భారతీయ సైనికులకు తిండి పెట్టి దాచింది కూడా ఆ చుట్టుపక్కల పల్లెజనమే. ఖైదీలను దాస్తే మరణశిక్ష అని జర్మన్లు గోడలకు నోటీసులు అంటించిన రోజులవి.

1944 మార్చిలో, ఆక్రమణలో ఉన్న ఉత్తర ఇటలీలో మళ్ళీ సమ్మె. ఈసారి వందలమందిని ఆస్ట్రియాలోని నాజీ నిర్బంధ శిబిరం మౌత్‌హౌసెన్‌కు పంపారు. చాలామంది తిరిగి రాలేదు. ఆ తర్వాతి ఏడాది ఏప్రిల్‌లో, జర్మన్లు పోతూపోతూ యంత్రాలను పేల్చేయకుండా టురిన్ కార్మికులు ఫ్యాక్టరీలను స్వాధీనం చేసుకొని, తుపాకులతో కాపలా కాశారు.